ఫోర్ వీల్ వేస్తే ముందు ఎడమ చక్రంలో టకటక: బెవెల్ గేర్లు, బేరింగులు, షిమ్ముల లెక్క

నాగలి_24

24 హెచ్‌పీ కాంపాక్ట్ ట్రాక్టరు, ముందు లోడర్ ఉంది. ఫ్రంట్ యాక్సిల్ బెవెల్ గేర్ల (కోను ఆకారంలో ఉండి తిప్పుడును 90 డిగ్రీలు మళ్లించే గేర్లు) రకం. అంటే మధ్యలో డిఫరెన్షియల్, రెండు చివర్లా నిలువు షాఫ్టు, దానికి పైనా కిందా చిన్న బెవెల్ గేర్లు, చక్రం షాఫ్టు మీద పెద్ద బెవెల్ గేరు.

ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ డ్రైవ్) వేసి బరువు లాగిస్తే ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని కొడుతోంది. ఫోర్ వీల్ తీసేస్తే ఆ టకటక పోతుంది గానీ అదే వైపు సన్నగా గుర్రుమనే చప్పుడు మిగులుతోంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ముందు గుక్కెడు నీళ్లు, వెనకాలే పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిలు వచ్చాయి. ప్లగ్ అయస్కాంతానికి మసి లాంటి ముద్ద, అందులో రెండు మూడు గోరు ముక్కంత పెచ్చులు.

ఎడమ మూత విప్పాను. పెద్ద గేరుకి ఐదారు పళ్ల బయటి కొసలు పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. నిలువు షాఫ్టును చేత్తో పట్టుకుని ఊపితే కింది బేరింగు దగ్గర స్పష్టంగా ఆడుతోంది.

పెద్ద గేరు ఒక్కటే మారిస్తే సరిపోతుందా? కుడివైపు చప్పుడేమీ లేదు, దాన్నీ విప్పాలా? పెద్ద గేరు వెనక రెండు షిమ్ములున్నాయి (సందు సరిచేసే పలచటి వాషర్లు), కలిపి 0.4 మి.మీ. కొత్త గేరుకూ అవే వేసేయొచ్చా? ఆయిలు ఏది పోయాలి?

పదిహేడో_పానా

గేరుకి అప్పుడే ఆర్డరు ఇవ్వకండి. పళ్లు విరగడం ఈ వరసలో ఆఖరి సంగతి. అసలు కథ సీలు (ఆయిలు బయటికి, నీళ్లు లోపలికి పోకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) దగ్గర మొదలైంది.

బెవెల్ గేర్ల జత తిరుగుతున్నంతసేపూ ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటూనే ఉంటుంది. సూటి పళ్ల గేర్లయితే ముందుకు నడిపినా వెనక్కి నడిపినా తోపు అటే. ఆ తోపును కాసేది వెనకున్న బేరింగు. ఆయిల్లో నీళ్లు కలిశాయంటే ముందు బాల్స్ నడిచే దారి గుంటలు పడుతుంది, తర్వాత బేరింగు ఆడటం మొదలవుతుంది, దాంతో గేర్లు దూరం జరుగుతాయి. అప్పుడు పన్ను నిండా పడాల్సిన బరువు కొస మీద పడుతుంది. మీ పెద్ద గేరుకి సరిగ్గా బయటి కొసలే లేచిపోయాయన్నారు కదా, ఇదే దానికి గుర్తు. బేరింగు మార్చకుండా గేరు ఒక్కటే వేస్తే కొత్త పళ్లూ అక్కడే లేస్తాయి.

అందుకని పెద్ద గేరు, దానితో కలిసే చిన్న గేరు జతగా మార్చండి. పాత చిన్న గేరు పైకి బాగానే కనబడొచ్చు. కానీ ఇన్నాళ్లూ కొస మీద నడిచింది కాబట్టి దాని పన్ను అదే ఆకారానికి అరిగి ఉంటుంది. డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ (పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న గేరు) అయితే ఇక మాటే లేదు. అవి జతగానే తయారవుతాయి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది.

కుడివైపు తప్పకుండా విప్పాలి. ఈ రకం యాక్సిల్లో ఎడమ, మధ్య, కుడి అన్నింటికీ ఒకటే ఆయిలు, గొట్టం గుండా ఇటూ అటూ తిరుగుతూ ఉంటుంది. ఎడమవైపు తాగిన నీళ్లే కుడి బేరింగులూ తాగాయి. పెచ్చులు కూడా గొట్టంలో నిలిచే ఉంటాయి. ఒక్కవైపే బాగుచేసి మూసేస్తే ఆ పెచ్చులు మెల్లగా కొత్త గేర్ల మధ్యకు వచ్చి చేరతాయి.

చప్పుడు ఎక్కడిదో ఇంకా అనుమానం ఉన్నవాళ్లకి ఒక పరీక్ష. ముందు భాగం లేపి, ఇంజన్ ఆపి, గేరూ ఫోర్ వీలూ వేసి ఉంచండి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరగాలి. ఒకరు రెండో చక్రాన్ని గట్టిగా పట్టుకుంటే, తిప్పే చేతికి పన్ను జారడం తెలుస్తుంది. చక్రం ఒక చుట్టుకు ఒక్క దెబ్బ వినబడితే లోపం పెద్ద గేరుది. చుట్టుకు నాలుగు దెబ్బలైతే చిన్న గేరుది, అంటే చిన్న దానికి 10, పెద్దదానికి 40 పళ్లున్నాయనుకుంటే. గుర్రుమనే చప్పుడు ఫోర్ వీల్ తీసేసినా ఉందంటే అది బేరింగుదే. బరువు లేకపోయినా ముందు చక్రం బేరింగును తిప్పుతూనే ఉంటుంది.

బేరింగ్_బాబాయ్

పానా చెప్పిందానికి నాదీ అదే మాట. విప్పడం గురించి నేను చెబుతాను.

ముందు భద్రత. ఫ్రంట్ యాక్సిల్ మధ్య పిన్ను మీద ఇటూ అటూ ఊగుతుంది కదా. ఒక చక్రం ఊడదీయగానే బరువు తేడా వచ్చి యాక్సిల్ ఒక్కసారిగా పక్కకు వాలుతుంది. దానికీ ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా గట్టి చెక్క ముక్కలు బిగించాకే జాకీ ఎత్తండి. స్టాండ్లు ఫ్రేము కింద పెట్టాలి, యాక్సిల్ కింద కాదు. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. లోడర్ బకెట్టును నేలకు నొక్కి ముందు భాగం లేపి, ఆ హైడ్రాలిక్కునే నమ్ముకుని కిందకు దూరేవాళ్లున్నారు. అంత తెగింపు వద్దు.

టై రాడ్ ఎండును (స్టీరింగు కడ్డీ చివరి కీలు) సుత్తితో పైనుంచి కొట్టకండి, మర పాడవుతుంది. నట్టును మర చివరిదాకా వదులు చేసి, పుల్లర్ బిగించి, స్టీరింగు ఆర్మ్ పక్కనుంచి ఒక దెబ్బ వేస్తే ఊడివస్తుంది. మూత విప్పేటప్పుడు స్క్రూడ్రైవరు సందులో పెట్టి తన్నకండి. అతుకు ముఖం మీద గీత పడిందంటే ఎంత సీలెంట్ రాసినా అక్కడ చెమ్మ ఊరుతూనే ఉంటుంది. చాలా మూతలకు ఊడదీయడానికే మర ఉన్న రంధ్రాలు రెండు ఇస్తారు. వాటిలో బోల్టులు సమంగా బిగిస్తే మూత దానంతటదే లేస్తుంది.

ఊడిన ప్రతి షిమ్మునూ వాషర్నూ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడి పేరు రాసి విడివిడిగా కట్టండి. ఎడమ పైన, ఎడమ కింద, ఎడమ చక్రం అని. రెండు షిమ్ముల కొలతలు కలిపి రాసుకోకుండా ఒక్కొక్కటీ విడిగా మైక్రోమీటరుతో కొలవండి. వెర్నియర్‌తో 0.1 మి.మీ. షిమ్ము తేడా నమ్మకంగా దొరకదు.

బేరింగుల నంబరు పక్కన చెక్కి ఉంటుంది. 6207 అంటే లోపలి రంధ్రం 35, బయట 72, వెడల్పు 17 మి.మీ. చివరి రెండంకెలను 5తో గుణిస్తే రంధ్రం వస్తుంది, 04 నుంచి పైకి ఈ లెక్కే. 6208 అయితే 40, 80, 18. నంబరు చివర సీ3 అని ఉంటే లోపల వదులు కాస్త ఎక్కువున్న రకం. పాతదానికి లేకుండా కొత్తదానికి సీ3 తెస్తే గేరు కూడా ఆ మేరకు జరుగుతుంది. ఉన్నదే తెండి. రబ్బరు మూతలున్న బేరింగు కూడా అంతే. పాతది తెరిచి ఉన్న రకమైతే కొత్తదీ తెరిచిన రకమే కావాలి, లేకపోతే గేర్ ఆయిలు లోపలికి పోదు.

పాత బేరింగును పారేసే ముందు కడిగి వెలుతురులో చూడండి. బయటి రేస్ (బాల్స్ నడిచే రింగు) లోపలి దారిలో ఒకే పక్క పొలుసులు లేచి, మిగతా చుట్టూ నున్నగా ఉంటే అది బరువు వల్ల అలిసిపోయింది. దారి అంతా బూడిద రంగు తిరిగి, ఒక బాల్‌కీ ఇంకో బాల్‌కీ మధ్య ఎంత దూరమో అంతంత దూరానికి నల్లటి అడ్డగీతలు కనబడితే నీళ్లలో నిలిచింది. రేస్ వెలుపలి ముఖం అద్దంలా మెరుస్తుంటే బేరింగు తన గూట్లోనే (బిగుసుకుని కూర్చోవాల్సిన కేసు రంధ్రంలోనే) తిరిగింది. ఈ మూడోదే అసలు పేచీ. కొత్త బేరింగు వేసినా గూడు వదులుగానే ఉంటుంది.

బిగించేటప్పుడు ఒక్కటే నియమం. బిగుతు ఏ రేసుకి ఉందో ఆ రేసునే నొక్కాలి. షాఫ్టు మీదికైతే లోపలి రేస్, గూట్లోకైతే బయటి రేస్. బాల్స్ మీదుగా దెబ్బ పడిందా, కొత్త బేరింగు ఆ రోజే గుర్రుమంటుంది. షాఫ్టు మీదికి వేసేదాన్ని ఆయిల్లో 80 నుంచి 90 డిగ్రీల దాకా వేడిచేయండి. 120 దాటనివ్వకండి. 35 మి.మీ. రంధ్రం 80 డిగ్రీల దగ్గర సుమారు 0.02 మి.మీ. వెడల్పవుతుంది, అంతమాత్రం చాలు, చేత్తోనే జారి కూర్చుంటుంది. చల్లారేదాకా మెట్టుకు ఆనించి పట్టుకోండి. చల్లారేటప్పుడు బేరింగు మెట్టునుంచి వెనక్కి జరిగే గుణం ఉంది. గ్యాస్ మంట మాత్రం వద్దు.

నాగలి_24

ఇద్దరికీ ధన్యవాదాలు. కుడివైపు కూడా విప్పాను. పళ్లు బాగున్నాయి గానీ నిలువు షాఫ్టు పై బేరింగు తిప్పితే గరగరమంటోంది. ఎడమ కింది బేరింగు 6207, బాబాయ్ చెప్పిన మూడో రకమే, బయటి ముఖం అద్దంలా ఉంది. గూడు కొలిస్తే 72.06 వస్తోంది. చక్రం షాఫ్టు మీద సీలు పెదవి నడిచే చోట గాడి పడింది, గోరు తగులుతోంది. బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే దారి) పూర్తిగా మట్టితో మూసుకుపోయి ఉంది.

గొట్టంలోంచి ఇంకో నాలుగు పెచ్చులు రాలాయి. డిఫరెన్షియల్ కూడా దించి కడుగుతున్నాను.

బేరింగ్_బాబాయ్

బ్రీదరే దొంగ. యాక్సిల్ పనిలో వేడెక్కుతుంది, లోపలి గాలి సాగుతుంది, పోవడానికి దారి లేక సీలు పెదవిని తోసుకుని బయటపడుతుంది. ఆ వేడి మీదే బురదనీళ్లలోకి దిగితే లోపల గాలి ముడుచుకుంటుంది, అదే పెదవి కిందనుంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. కొత్త సీళ్లు వేసి బ్రీదర్ అలాగే వదిలేస్తే మళ్లీ ఇదే. విప్పి, కడిగి, ఊదితే గాలి ధారాళంగా పోవాలి, లేదంటే కొత్తది వేయండి.

గూడు 0.06 వదులంటే బేరింగు బిగింపు జిగురైన రిటైనింగ్ కాంపౌండ్‌తో నిలుస్తుంది. 0.1 మి.మీ. లోపు వదులుకు అది పనికొస్తుంది. గూడునూ రేస్ వెలుపలి ముఖాన్నీ థిన్నర్‌తో పొడిగా తుడిచి, పలచగా ఒక చుట్టు రాసి, బేరింగు వేసి, డబ్బా మీద రాసిన గంటలు ఆగాలి. లోపలికి కారి బాల్స్ దాకా పోకుండా చూసుకోండి. 0.1 దాటితే గూడును లేత్ మీద తోడి స్లీవు వేయించడమే దారి. కొందరు గూడు లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు తెస్తారు. ఆ చుక్కల కొసలు వారంలో నలిగిపోతాయి, పైగా బేరింగు మధ్యకు రాదు. చేయకండి.

షాఫ్టు మీద గాడి ఉంది కాబట్టి కొత్త సీలు పెదవి మళ్లీ అదే గాడిలో కూర్చుంటుంది. గూట్లో చోటుంటే సీలును 2 మి.మీ. లోపలికో బయటికో జరిపి దించండి, పెదవి కొత్త చోట నడుస్తుంది. చోటు లేకపోతే షాఫ్టు మీదికి ఎక్కించే పలచటి రిపేర్ స్లీవు, సుమారు పావు మిల్లీమీటరు మందం, ఆ కొలతకు దొరుకుతుంది. సీలు స్ప్రింగు ఉన్న పక్క ఆయిలు వైపు ఉండాలి. రెండు పెదవుల మధ్య గ్రీజు నింపండి. షాఫ్టు చివర కీ గాడి అంచో స్ప్లైనో ఉంటే దాని మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి సీలు దాటించండి. కొత్త సీలు మొదటి రోజే కారిందంటే చాలాసార్లు ఆ అంచు కోసిందే.

పెద్ద సీలు ఇంకొకటుంది, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం గేర్ కేసు తిరిగే చోట. నీళ్లు ఎక్కువగా దూరేది అక్కడే. దాన్ని రెండువైపులా మార్చండి.

నాగలి_24

బేరింగులు, సీళ్లు, ఎడమవైపు గేరు జత కొత్తవి వేశాను. పాత షిమ్ములు 0.4 అలాగే పెట్టి మూత బిగించి, నిలువు షాఫ్టు కదలకుండా బిగించి, డయల్ గేజ్ (సన్న కదలికను కొలిచే ముల్లున్న సాధనం) చక్రం స్టడ్డుకి ఆనించి చూస్తే ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, 0.64 మి.మీ. చూపిస్తోంది. మాన్యువల్లో 0.10 నుంచి 0.30 అని ఉంది. ఎంత షిమ్ము కలపాలి?

షిమ్ముల_లెక్క

ముందు ఆ 0.64ను సరిచేద్దాం. గేజ్ స్టడ్డు మీద పెట్టారు, ప్లే కావాల్సింది పళ్ల దగ్గర. పళ్లు మధ్యగీతకు 60 మి.మీ. దూరంలో, స్టడ్డు 70 మి.మీ. దూరంలో ఉన్నాయనుకుంటే అసలు ప్లే 0.64ను 60తో గుణించి 70తో భాగించాలి. 0.55 వస్తుంది. మీ గేరు కొలిచి మీ అంకెలు పెట్టుకోండి. ఇంకోటి, ఒక్క చోట చూసి నమ్మకండి. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిందాన్ని లెక్కకు తీసుకోండి. నాలుగింటి మధ్య తేడా 0.1 దాటిందంటే గేరు షాఫ్టు మీద వంకరగా కూర్చుంది.

ఇక షిమ్ము. 20 డిగ్రీల ఒత్తిడి కోణం ఉన్న పన్ను, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో నిలిచే జత, 4:1 నిష్పత్తి ఉన్నప్పుడు పెద్ద గేరును 0.1 మి.మీ. జరిపితే ప్లే సుమారు 0.07 మారుతుంది. అదే చిన్న గేరును 0.1 జరిపితే మార్పు 0.02కి కూడా రాదు. ప్లే సరిచేయడానికి పెద్ద గేరు షిమ్ము, పన్ను మీద ముద్ర సరిచేయడానికి చిన్న గేరు షిమ్ము అని గుర్తుంచుకుంటే సగం తికమక పోతుంది. నిలువు షాఫ్టు పై చివర ఉన్న జతలో రెండు గేర్లూ దాదాపు ఒకే సైజువైతే ఎటు 0.1 జరిపినా ప్లే 0.05 మారుతుంది.

మీకు 0.55 నుంచి 0.20కి రావాలి. 0.35 తగ్గాలంటే పెద్ద గేరు 0.5 మి.మీ. దగ్గరకు రావాలి. అంటే 0.4 కాస్తా 0.9 అవుతుంది.

లెక్క అలా వచ్చింది గానీ, మీరు ఆ 0.5 వేయకండి. గేరు మారినందుకు షిమ్ము 0.1, మహా అయితే 0.2 మారుతుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే ఏదో ఒకటి తన చోట కూర్చోలేదు. మూతకీ కేసుకీ మధ్య ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి చూడండి. సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా పడిందా, దానికి ఆనాల్సిన వాషర్ ఉందా, బేరింగు మెట్టుకు తగిలిందా అన్నీ చూశాకే షిమ్ము ముట్టుకోండి.

నాగలి_24

మీ అనుమానం నిజమే. మూత కూర్చునే మెట్టులో పాత సీలెంట్ గట్టిపడి చుట్టూ అట్ట కట్టి ఉంది, రంగు కింద కనబడలేదు. 0.40 ఫీలర్ చుట్టూ దూరింది. గీకి తీసి మళ్లీ బిగిస్తే పళ్ల దగ్గర ప్లే 0.27 వచ్చింది. ఇంకో 0.1 షిమ్ము వేసి 0.20కి తెచ్చాను. ఇప్పుడు మొత్తం షిమ్ములు 0.5.

షిమ్ముల_లెక్క

0.40కి 0.28 తగ్గింది. లెక్క సరిపోయింది. నా లెక్కలో వచ్చిన అదనపు 0.5 కలిపి, అంటే మొత్తం 0.9 షిమ్ముతో, మొదటిసారి బిగించి ఉంటే, తర్వాత ఎప్పుడైనా ఆ సీలెంట్ నలిగిన రోజున గేర్లు ఒకదాన్నొకటి కరుచుకునేవి.

ఇంకొక్క పని మిగిలింది, పళ్ల మీద ముద్ర. పెద్ద గేరుకి నాలుగైదు పళ్ల మీద నీలి మార్కింగ్ పేస్టు పలచగా రాయండి, పొర కింద ఇనుము కనబడేంత పలచగా. చక్రాన్ని కాస్త ఆపి పట్టుకుంటూ నిలువు షాఫ్టును ముందుకూ వెనక్కీ తిప్పండి. ముద్ర పన్ను పొడవులో మధ్యకు, లేదా కొంచెం లోపలి సన్న కొస వైపుకు, ఎత్తులో మధ్యకు పడాలి. బయటి లావు కొస దగ్గర పడితే పెద్ద గేరు ఇంకా దూరంగా ఉంది. లోపలి కొసకే అంటుకుంటే మరీ దగ్గరకొచ్చింది. పన్ను శిఖరం మీద సన్నటి గీతలా పడితే చిన్న గేరు వెనక్కి ఉంది, లోపలికి జరపాలి. పన్ను మొదలు దగ్గర, అడుగున పడితే చిన్న గేరు మరీ లోపలికి పోయింది. చిన్న గేరును జరిపాక పెద్దదాని ప్లే మళ్లీ చూడాలి, రెండూ ఒకదాన్నొకటి మారుస్తాయి.

డయల్ గేజ్ లేనివాళ్లు 1 మి.మీ. సోల్డర్ తీగను రెండు పళ్ల మధ్య పెట్టి ఒకసారి దాటించి, నలిగిన రెండు పక్కల పలచదనాలు మైక్రోమీటరుతో కొలిచి కలపండి. ఫలితం కొంచెం మోటుగా ఉంటుంది, కానీ 0.2కీ 0.5కీ తేడా కచ్చితంగా చెబుతుంది. పై జత గేర్లకు మూత తీసి గేజ్ పెట్టే చోటు ఉండదు, అక్కడ నేను కూడా తీగనే నమ్ముతాను.

గ్రీజు_చేతులు

మధ్యలో వస్తున్నా. ఈ పద్ధతి మొత్తం లోతు గాడి బాల్ బేరింగులున్న యాక్సిళ్లకు. చక్రం షాఫ్టుకి టేపర్ రోలర్ బేరింగులున్న రకాల్లో నట్టు బిగింపే కొలత, దానికి షిమ్ము లెక్క వేరు. అక్కడ కప్పూ (బయటి రింగు) కోనూ (రోలర్లున్న లోపలి రింగు) రెండూ కలిపి మార్చాలి. పాత కప్పులో కొత్త కోన్ వేస్తే పాత గుంటలు కొత్త రోలర్లను తినేస్తాయి. నట్టు బిగించేటప్పుడు హబ్బును తిప్పుతూ బిగించండి, రోలర్లు సర్దుకోవాలి. తర్వాత స్ప్రింగు తక్కెడను స్టడ్డుకు తగిలించి, హబ్బు ఒకే వేగంతో తిరిగేలా లాగండి. 70 మి.మీ. దూరంలో 2 కిలోలు లాగితే సుమారు 1.4 న్యూటన్ మీటర్లు. ఈ పరీక్ష సీలు వేయకముందే చేయాలి, లేకపోతే సీలు రాపిడి కూడా అందులో కలుస్తుంది.

ఆయిలు సంగతి అడిగారు. యాక్సిల్ ఆయిలు దానికదే విడిగా ఉంటే చాలా మాన్యువళ్లు 80డబ్ల్యూ-90 గేర్ ఆయిలు గానీ ట్రాన్స్‌మిషన్, హైడ్రాలిక్కులకు పోసే యూనివర్సల్ ఆయిలు గానీ ఒప్పుకుంటాయి. లోడర్‌తో పని ఎక్కువైతే నేను గేర్ ఆయిలే అంటాను, బరువు మీద పొర మందంగా నిలుస్తుంది. రెండూ కలిపి మాత్రం పోయొద్దు.

పదిహేడో_పానా

ఆయిలు విషయంలో నాది కాస్త వేరే మాట. చలి గట్టిగా ఉండే చోట 90 ఆయిలు తేనెలా బిగుసుకుని, మొదటి అరగంట చివరి బేరింగుల దాకా చేరదు. అక్కడ యూనివర్సల్ ఆయిలే మేలు. ఎక్కడైనా సరే మాన్యువల్ మాటే ముందు.

అంతకన్నా ముఖ్యం పోసే తీరు. మధ్య ప్లగ్ దగ్గర లెవెల్ దాకా పోసి అప్పుడే మూసేస్తే రెండు చివర్లూ ఖాళీగానే ఉంటాయి. ఆయిలు గొట్టం గుండా అటు పాకడానికి టైం పడుతుంది. పోసి పది నిమిషాలాగి మళ్లీ లెవెల్ చూసి కలపండి. బండి సమంగా నిలబడి ఉండాలి. ఎక్కువ పోసినా చేటే, వేడెక్కి సీళ్లలోంచి తోస్తుంది.

మూత అతుకు రెండు ముఖాలూ పొడిగా తుడిచి, సీలెంట్ 2 మి.మీ. గీతలా, బోల్టు రంధ్రాలకు లోపలి పక్కనుంచి ఒక్క చుట్టు. ఎక్కువ రాస్తే లోపలికి ఉబికి తెగి పడి ఆయిలు దారులు మూస్తుంది. బోల్టులు ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి. 8.8 రకం ఎం10 బోల్టుకు 45 నుంచి 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మాన్యువల్ అంకె ఉంటే అదే వాడండి.

మొదట గంట రెండు గంటలు బరువు లేకుండా నడిపి ఆ ఆయిలు దించేయండి. ఎంత కడిగినా ఏదో ఒక పొడి మిగిలే ఉంటుంది, అది ఇందులో వచ్చేస్తుంది. అయస్కాంతం మీద మెత్తటి మసి సహజం. వేలికి గుచ్చుకునే ముక్క కనబడితే మళ్లీ విప్పాల్సిందే. తిరిగి 50 గంటలకు ఇంకోసారి మార్చండి. చక్రం నట్లు మొదటి గంట తర్వాత ఒకసారి, పది గంటల తర్వాత ఇంకోసారి బిగించి చూసుకోండి.

నాగలి_24

అలాగే చేస్తాను. ఒక చివరి సందేహం. ముందు టైర్లు మొన్నీమధ్య మార్చినవి, అదే సైజు గానీ వేరే రకం. అవి కూడా ఈ పళ్ల మీద పడి ఉంటాయా?

షిమ్ముల_లెక్క

పడి ఉండొచ్చు, కొలిస్తే తేలిపోతుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనక వాటికన్నా 1 నుంచి 5 శాతం వేగంగా నడవాలి. టైరు మీద రాసిన సైజు ఒకటే అయినా అసలు చుట్టుకొలత ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఆ శాతం మరీ పెరిగినా, సున్నాకి దిగువకు పోయినా ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి, ఆ బిగువంతా ఈ బెవెల్ పళ్ల మీదే.

వెనక టైరుకీ ముందు టైరుకీ సుద్దతో గీత పెట్టండి. గాలి మాన్యువల్ ప్రకారం ఉండాలి. మెత్తటి నేల మీద ఫోర్ వీల్ వేసి తిన్నగా నడిపి, వెనక చక్రం 10 చుట్లు తిరిగేలోపు ముందుది ఎన్ని తిరిగిందో లెక్కపెట్టండి, అర చుట్టు పావు చుట్టు కూడా. ఫోర్ వీల్ తీసేసి మళ్లీ అంతే. మొదటిసారి 15.4, రెండోసారి 15.0 వచ్చాయనుకోండి, తేడా 0.4ను 15తో భాగిస్తే 2.7 శాతం, బాగుంది. 6, 7 వస్తే టైర్లు సరిపోలేదు. ఎదురు అంకె వస్తే, అంటే ఫోర్ వీల్ వేసినప్పుడే తక్కువ తిరిగితే, ఆ టైర్లతో ఫోర్ వీల్ వేయనే వద్దు.

టైర్లు ఎంత సరైనవైనా గట్టి నేల మీద, ముఖ్యంగా మలుపుల్లో, ఫోర్ వీల్ తీసేయండి. అక్కడ చక్రం జారదు, జారాల్సిందంతా పన్ను మీద పడుతుంది. లోడర్ నింపినప్పుడు వెనక తూకం బరువు తగిలిస్తే ముందు యాక్సిల్ మీద భారం కొంత తగ్గుతుంది, మీరు ఇప్పుడు మార్చిన ఆ 6207కి అది చాలా కలిసొస్తుంది.

బేరింగ్_బాబాయ్

యాక్సిల్ కిందికి ఎలాగూ దించారు కదా, మధ్య పిన్ను బుష్షులు కూడా చూడండి. కడ్డీ పెట్టి లేపితే పైకీ కిందికీ ఆడితే బుష్షులు, ముందుకూ వెనక్కీ ఆడితే అక్కడి షిమ్ము. గ్రీజు నిపుల్ మూసుకుపోయి ఉంటే బుష్షు ఒక పక్కే అరుగుతుంది. మళ్లీ ఎక్కించాక బుష్షు మార్చాలంటే ఈ పనంతా మొదటికొస్తుంది.